ముందు ప్రశ్న, తర్వాతే బొమ్మ: సరిహద్దు బడుల్లో సైన్సు, లెక్కలకు సిమ్యులేషన్లు వాడుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, ప్లస్ టూకి వచ్చేసరికి ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుంటారు. పిల్లలకి తెలివి తక్కువై కాదు, వాక్యం అర్థం కాక సైన్సు పాఠం ఆగిపోవడం ఇక్కడి మాస్టార్లందరికీ తెలిసిన సంగతే. అందుకే తెర మీద వేలితో కదిపి చూసే సిమ్యులేషన్లు మిగతా చోట్లకంటే మనకి ఎక్కువ పనికొస్తాయి. బల్బు వెలిగిందా లేదా, గ్రాఫు పైకి లేచిందా కిందికి దిగిందా అన్నది ఏ భాషవాడికైనా కనిపిస్తుంది.

అయితే సిమ్యులేషన్ చూపించినంత మాత్రాన పాఠం చెప్పినట్టు కాదు. పెద్ద టీవీలో రంగురంగుల ఎలక్ట్రాన్లు పరిగెడుతుంటే పిల్లలు నోరు తెరిచి చూస్తారు. పీరియడ్ అయ్యాక అడిగితే "బాగుంది సార్" అంటారు తప్ప ఒక్క ప్రశ్నకి జవాబు రాదు. ఈ మార్గదర్శి అంతా ఒక్క నియమం మీద నడుస్తుంది. స్లైడరు (తెర మీద విలువ మార్చే మీట) కదిపే ముందే ఏం జరగబోతోందో ప్రతి పిల్లా, పిల్లాడూ ఊహించి, నోటుబుక్కులో రాసి ఉండాలి. అలా రాయించకపోతే సిమ్యులేషన్ ఒట్టి వీడియోగానే మిగిలిపోతుంది.

మొదటి మెట్టు: ఈ పాఠానికి సిమ్యులేషన్ అవసరమా?

చేత్తో చేయగలిగినదాన్ని తెర మీద చేయకండి. లోలకం పాఠానికి దారం, రాయి, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. మీటరు దారానికి ఒక డోలనం సుమారు రెండు సెకన్లు, పావు మీటరుకి సుమారు ఒక సెకను. ఇరవై డోలనాలకి పట్టిన కాలం కొలిచి ఇరవైతో భాగిస్తే పిల్లలు తమ చేతుల్తోనే ఈ లెక్క రాబడతారు. పొడవు నాలుగో వంతుకి తగ్గితే కాలం సగమే ఎందుకైందన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. లిట్మస్ కాగితం, నిమ్మకాయ, సున్నపు నీళ్ళు కూడా అంతే. వీటికి తెర దండగ.

తెర అవసరమయ్యేది వేరే చోట. కంటికి కనపడనివి ఉంటాయి: తీగలో కరెంటు, వాయువు అణువులు, పరమాణువు. మన కాలానికి అందనివి ఉంటాయి: ఏడాది పొడవునా సూర్యుడి నడక. మన చోటికి అందనివీ ఉంటాయి. అదే మీటరు లోలకాన్ని చంద్రుడి మీదికి తీసుకెళ్తే ఒక డోలనానికి సుమారు 4.9 సెకన్లు పడుతుంది. అక్కడికి మనం వెళ్ళలేం, సిమ్యులేషన్ వెళ్తుంది. ఇక గణితంలో, ఒక విలువ మారిస్తే మొత్తం బొమ్మ ఎలా మారుతుందో చూపించాల్సిన చోట బోర్డు మీద పది గ్రాఫులు గీసే ఓపిక, టైము ఎవరికీ ఉండవు.

మంచి పద్ధతి ఏమిటంటే ముందు చేత్తో చేయించి, అక్కడ ఆగిపోయిన చోటు నుంచి తెర మీదికి వెళ్ళడం. దారం, రాయితో రెండు సెకన్లు కొలిచిన పిల్లాడికి చంద్రుడి మీద 4.9 అన్న అంకె నిజంగా తగులుతుంది. కొలవని పిల్లాడికి అది ఒట్టి అంకె.

రెండో మెట్టు: ఏది ఎక్కడ దొరుకుతుంది

ఇంటర్నెట్‌లో వందల సైట్లు ఉన్నాయి. అన్నీ వెతకకండి. ఈ నాలుగింటితో హైస్కూలు పాఠాల్లో చాలా భాగం గట్టెక్కుతుంది.

ఫెట్ (PhET) సిమ్యులేషన్ల వెబ్‌సైటు, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌ది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన కార్ల్ వీమన్ 2002లో దీన్ని మొదలుపెట్టారు. మొదట భౌతికశాస్త్రానికే ఉండేది, ఇప్పుడు రసాయనశాస్త్రం, గణితం, జీవశాస్త్రం కూడా ఉన్నాయి. వెబ్‌సైట్లో వాడుకోవడం ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. సర్క్యూట్లు, లోలకం, ప్రక్షేపకాలు, వాయువుల ధర్మాలు, పరమాణు నిర్మాణం, రసాయన సమీకరణాల తుల్యత, చిన్న తరగతులకి భిన్నాలు: వీటితో మొదలుపెట్టండి.

జియోజీబ్రా గణితానికి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ తన చదువులో భాగంగా తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఇది. జ్యామితి, గ్రాఫులు, బీజగణితం ఒకే తెర మీద కలిసి కదులుతాయి. ఒక బిందువు జరిపితే సమీకరణం మారుతుంది, సమీకరణం మారిస్తే బొమ్మ మారుతుంది.

స్టెల్లేరియం ఆకాశానికి, అంటే ఏ ఊరి ఆకాశాన్నైనా తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్. దీని సంగతి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతానికి దానితో ప్రత్యేకమైన పని ఉంది.

నాలుగోది ఓల్యాబ్స్. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ ముంబయి శాఖ కలిసి చేసినది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ల్యాబు ప్రయోగాలు ఉంటాయి. ల్యాబు లేని బడిలో ప్రాక్టికల్స్‌కి ముందు ఒకసారి చూసుకోవడానికి బాగుంటుంది.

ఒక హెచ్చరిక. పాత సీడీల్లో, పాత సైట్లలో దొరికే యానిమేషన్లు చాలావరకు ఫ్లాష్‌లో చేసినవి. 2020 చివరితో ఫ్లాష్ ఆగిపోయింది, ఇప్పటి బ్రౌజర్లలో అవి తెరుచుకోవు. వాటి కోసం గంటలు గంటలు వెతక్కండి. ఫెట్‌లో హెచ్‌టీఎంఎల్5 (ఇప్పటి బ్రౌజర్లలో నడిచే రకం) అని ఉన్నవే తీసుకోండి.

మూడో మెట్టు: నెట్ లేకుండా నడిచేలా సిద్ధం చేసుకోవడం

అసలు పని ఇక్కడుంది. ఒడిశాలో 5టి అనే ప్రభుత్వ కార్యక్రమం కింద చాలా హైస్కూళ్ళకి స్మార్ట్ క్లాసురూములు వచ్చాయి, తెరలున్నాయి. కానీ గుణుపురం దాటి కొండల వైపు వెళ్ళేకొద్దీ సిగ్నల్ మీద ఆధారపడి పాఠం ప్లాన్ చేసుకుంటే టెన్షనే మిగులుతుంది. కాబట్టి నెట్ ఉన్న చోట దించుకుని, నెట్ లేనట్టే క్లాసుకి వెళ్ళండి.

ఫెట్‌లో ఇది చాలా సులువు. ప్రతి సిమ్యులేషన్ పేజీలో డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. నొక్కితే ఒకే ఒక్క ఫైలు దిగుతుంది, సైజు కొన్ని ఎంబీలే. ఆ ఫైల్లోనే అంతా ఉంటుంది కాబట్టి, పెన్‌డ్రైవులో వేసుకుని ఏ కంప్యూటర్లోనైనా బ్రౌజర్‌తో తెరిస్తే నడుస్తుంది. తెలుగు అనువాదం ఉన్నవాటికి తెలుగు ఫైలు విడిగా దొరుకుతుంది. సిమ్యులేషన్ పేజీలో అనువాదాల జాబితా చూసి, తెలుగు ఉంటే తెలుగుది, ఒడియా ఉంటే అదీ, ఇంగ్లిష్‌ది ఎలాగూ దించి పెట్టుకోండి. ఫైలు పేరు చివర రెండక్షరాల భాష గుర్తు ఉంటుంది గనుక కలిసిపోవు. పేరు మాత్రం మార్చకండి, తర్వాత ఏది ఏ భాషదో తెలియక తికమక పడతారు.

పెన్‌డ్రైవులో ఫోల్డర్లు పాఠాల వారీగా పెట్టుకోండి, సైట్ల వారీగా కాదు. "పది - విద్యుత్తు", "తొమ్మిది - చలనం" అని ఉంటే క్లాసులో వెతుక్కోనక్కర్లేదు.

స్మార్ట్ టీవీకి పెన్‌డ్రైవు గుచ్చితే ఈ ఫైళ్ళు తెరుచుకోకపోవచ్చు. చాలా టీవీలు అలా వీడియోలు, ఫొటోలే చూపిస్తాయి. లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబులుతో కలపండి. కేబులు మీ సొంతానికి ఒకటి ఉంచుకోండి, బడిలో ఉన్నది ఎప్పుడూ ఎవరి దగ్గరో ఉంటుంది. ఫోనులో అయితే ఫైల్ మేనేజర్‌లో ఆ ఫైలు నొక్కినప్పుడు దేనితో తెరవాలని అడుగుతుంది, క్రోమ్ ఎంచుకోండి. ఫోను నుంచి ఫోనుకి క్విక్ షేర్‌తోనో బ్లూటూత్‌తోనో పంపితే డేటా ఖర్చు ఉండదు.

జియోజీబ్రాకి ఆండ్రాయిడ్ యాప్ ఉంది, ఒకసారి వేసుకుంటే నెట్ లేకుండా పనిచేస్తుంది. పాత కంప్యూటర్లకి జియోజీబ్రా క్లాసిక్ 5 తేలికగా ఉంటుంది. స్టెల్లేరియం కంప్యూటర్ వెర్షన్ కూడా ఉచితమే, ఇదీ నెట్ అడగదు.

ప్రొజెక్టరూ టీవీ ఏదీ లేకపోతే? నలుగురికి ఒక ఫోను చాలు. ఇంట్లో అడిగి తెచ్చుకోమంటే అందరూ తేలేరు, తెమ్మని ఒత్తిడి చేయడం సరికాదు. మీ ఫోను, మరో ఇద్దరు మాస్టార్ల ఫోన్లు తీసుకుని గుంపులుగా కూర్చోబెట్టండి. ఒక్క ఫోనే ఉన్నా పాఠం జరుగుతుంది. అప్పుడు ఫోను మీ చేతిలో కాదు, ఒక పిల్ల చేతిలో ఉండాలి. మిగతా గుంపు చెప్పింది ఆ పిల్ల చేయాలి.

నాలుగో మెట్టు: ఒక పాఠం పూర్తిగా, విద్యుత్ వలయం

పదో తరగతి పాఠం తీసుకుందాం. ఫెట్‌లో డీసీ సర్క్యూట్ నిర్మించే కిట్ తెరవండి. ఎడమవైపు తీగ, బ్యాటరీ, బల్బు, నిరోధకం, స్విచ్చి ఉంటాయి. లాగి మధ్యలో పెట్టడమే.

తెర తెరవకముందే బోర్డు మీద రెండు బొమ్మలు గీయండి. ఒకటి బ్యాటరీకి ఒక్క బల్బు, రెండోది అదే బ్యాటరీకి వరుసగా రెండు బల్బులు. ప్రశ్న ఇది: రెండో బొమ్మలో ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? నోటుబుక్కులో జవాబు, కారణం రాయమనండి. పక్కవాడిది చూడొద్దని చెప్పండి. ఏ తరగతిలో అడిగినా ఒక జవాబు తప్పకుండా వస్తుంది: "మాస్టారూ, మొదటి బల్బే కరెంటు వాడేసుకుంటుంది కదండీ, రెండోదానికి తక్కువ మిగులుతుంది." ఇది ఈ ఊరి పిల్లల తప్పు కాదు, ప్రపంచమంతా పిల్లలు ఇలాగే అనుకుంటారు. తప్పని వెంటనే చెప్పకండి. చేతులెత్తమని లెక్కపెట్టి, ఏ జవాబుకి ఎంతమందో బోర్డు మూల రాసి ఉంచండి.

ఇప్పుడు ఓ ఐదు నిమిషాలు ఊరికే ఆడుకోనివ్వండి. ఏమీ చెప్పకండి. ఎవరో ఒకరు బ్యాటరీ రెండు కొసల్నీ ఒకే తీగతో కలిపేస్తారు, బ్యాటరీకి మంటలు వస్తాయి. క్లాసు గోల చేస్తుంది. మంచిదే. షార్ట్ సర్క్యూట్ అన్నది ఇంట్లో చేయకూడని ప్రయోగం, ఇక్కడ చేసి చూసుకోవచ్చు. అదే ఇంట్లో చేస్తే ఫ్యూజు ఎందుకు పోతుందో ఆ రోజు అడిగితే వాళ్ళే చెబుతారు.

తర్వాత ఒక్క బల్బు వలయం కట్టించండి. మామూలుగా బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓములు ఉంటుంది. అమ్మీటరు పెడితే 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. ఇక రెండో బల్బు వరుసలో చేర్చండి. అమ్మీటరుని మొదటి బల్బుకి ముందు పెట్టండి, రెండు బల్బుల మధ్య పెట్టండి, రెండో బల్బు తర్వాత పెట్టండి. మూడు చోట్లా 0.45. రెండు బల్బులూ ఒకేలా, ముందుకంటే మసగ్గా వెలుగుతాయి. ఇక్కడ మీరు మాట్లాడకండి. ఆ మూడు అంకెల్నీ పిల్లలే బోర్డు మీద రాయాలి. కరెంటు ఖర్చయిపోతుందన్న పిల్లాడు తన నోటుబుక్కు తనే చూసుకుంటాడు.

అప్పుడే అడగాల్సిన ప్రశ్న: కరెంటు ఎక్కడా తగ్గకపోతే మరి బల్బు దగ్గర ఖర్చయ్యేదేమిటి? ఈ ఒక్క ప్రశ్న మీద పది నిమిషాలు పెట్టినా నష్టం లేదు. శక్తి అన్న మాట పిల్లల నోట్లోంచే వస్తుంది. వోల్టుమీటరు ఒక్కో బల్బు కొసలకి పెట్టించి 4.5 వోల్టులు చూపిస్తే, బ్యాటరీ ఇచ్చిన తొమ్మిది ఎలా పంచుకున్నాయో కనిపిస్తుంది.

ఆ తర్వాతే సమాంతరం. ముందు ఊహ రాయించండి: రెండో బల్బుని సమాంతరంగా కలిపితే మొదటి బల్బు వెలుగు తగ్గుతుందా? ఇంట్లో ఒక గదిలో లైటు వేస్తే పక్క గదిలో లైటు మసకబారుతుందా అని అడిగితే చాలామంది జవాబు సరిచేసుకుంటారు. కట్టి చూస్తే ఒక్కో బల్బులో 0.90, బ్యాటరీ నుంచి మొత్తం 1.80. ఒక బల్బు తీసేస్తే రెండోది వెలుగుతూనే ఉంటుంది.

ఇక్కడితో ఆపేస్తే పాఠం సగమే అయినట్టు. బజార్లో దొరికే టార్చి బల్బులు రెండు, సెల్లులు రెండు, తీగలు తెచ్చి అదే వలయాన్ని బల్ల మీద కట్టించండి. సమాంతరంగా రెండో బల్బు కలిపినప్పుడు నిజం బల్బు కొద్దిగా మసకబారుతుంది. సిమ్యులేషన్‌లో అలా కాలేదే? ఎందుకంటే తెర మీది బ్యాటరీకి లోపల నిరోధం లేదని లెక్క, నిజం సెల్లుకి ఉంటుంది, పాతబడినకొద్దీ పెరుగుతుంది. అలాగే తెర మీది బల్బు నిరోధం ఎప్పుడూ 10 ఓములే, నిజం బల్బులో తీగచుట్ట వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. ఎలక్ట్రాన్లు కూడా తెర మీద పెద్ద పెద్ద చుక్కల్లా హాయిగా కదులుతాయి. నిజానికి లెక్కలేనన్ని ఉంటాయి, చాలా నెమ్మదిగా జరుగుతాయి. సిమ్యులేషన్ దేన్ని వదిలేసిందని అడగడం పిల్లలకి నేర్పిస్తే, అది ఈ పాఠంతో పోదు. ప్రతి మోడల్ దగ్గరా పనికొస్తుంది.

ఐదో మెట్టు: గణితం, ఒక్క స్లైడరుతో ఒక పీరియడ్

వర్గ సమీకరణాల పాఠంలో ఏ, బీ, సీ అనే మూడు గుణకాలుంటాయి. ఏ మారిస్తే పరావలయం వెడల్పు మారుతుంది, సీ మారిస్తే పైకీ కిందికీ జరుగుతుంది. ఇవి తేలిగ్గా అర్థమవుతాయి, త్వరగా దాటేయండి. అసలు రుచి బీలో ఉంది.

జియోజీబ్రా ఇన్‌పుట్ గడిలో ఎఫ్ ఆఫ్ ఎక్స్ సమానం ఏఎక్స్² + బీఎక్స్ + సీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. ఏకీ ఎక్స్‌కీ మధ్య, బీకీ ఎక్స్‌కీ మధ్య గుణకారం గుర్తుగా నక్షత్రం (*) పెట్టడం క్షేమం. మూడు స్లైడర్లు తయారవుతాయి. పాత వెర్షన్ అయితే తయారుచేయాలా అని అడుగుతుంది, ఒప్పుకోండి. ఏని 1 దగ్గర, సీని 4 దగ్గర ఉంచండి. బీని మాత్రమే కదుపుతాం.

కదిపే ముందు ప్రశ్న: బీ పెరిగితే పరావలయం ఎటు వెళ్తుంది? కుడికా, ఎడమకా, పైకా, కిందికా? ఎక్కువమంది "పక్కకి" అంటారు. కదపండి. పక్కకీ వెళ్తుంది, కిందికీ దిగుతుంది. బీని సున్నా నుంచి రుణసంఖ్యల వైపు లాగితే అటు పక్కకి వెళ్తూ మళ్ళీ కిందికే దిగుతుంది. అంటే ఆ అడుగు బిందువు ఏదో దారిలో నడుస్తోంది. ఏ దారి?

ఇప్పుడు ఆ శీర్షాన్ని గుర్తించండి. దాని ఎక్స్ నిరూపకం మైనస్ బీ బై టూఏ అని పిల్లలకి తెలుసు, వై నిరూపకం ఆ విలువ దగ్గర ఎఫ్ విలువ. ఆ బిందువుని వీ అని పేరు పెట్టి టైప్ చేయించండి. వీ మీద కుడి క్లిక్ చేసి, ఫోనులో అయితే సెట్టింగుల్లోకి వెళ్ళి, జాడ చూపించే ఎంపికని ఆన్ చేయండి. బీని నెమ్మదిగా మైనస్ 5 నుంచి 5 దాకా లాగండి. తెర మీద చుక్కలు చుక్కలుగా ఇంకో పరావలయం పడుతుంది, తలకిందులుగా. ఈ క్షణంలో క్లాసులో ఏదో ఒక మూల నుంచి "అరే" అని వినిపించకపోతే మీరు స్లైడరు మరీ వేగంగా లాగారని అర్థం. తెరని జూమ్ చేసినా పక్కకి జరిపినా జాడ చెరిగిపోతుంది, అందుకే ముందే బొమ్మ మొత్తం పట్టేలా సర్దుకోండి.

ఇక పట్టిక వేయించండి. బీ సున్నా అయితే శీర్షం (0, 4). బీ 2 అయితే (-1, 3). బీ 4 అయితే (-2, 0). బీ మైనస్ 4 అయితే (2, 0). ఈ బిందువులన్నిటికీ సరిపోయే సమీకరణం ఏమిటి? కాస్త కిందా మీదా పడి వై సమానం 4 మైనస్ ఎక్స్² అని తేలుస్తారు. దాన్ని కూడా టైప్ చేయిస్తే జాడ మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. ఆ తర్వాత ఎందుకలా అయిందో బోర్డు మీద, కాగితం మీద నిరూపించాలి. శీర్షం ఎక్స్ నిరూపకాన్ని వై నిరూపకంలో ప్రతిక్షేపిస్తే మూడు వరుసల్లో వచ్చేస్తుంది. తెర నిజాన్ని చూపించింది, నిరూపించలేదు. ఈ తేడా గణితం మాస్టారు ఒక్కసారైనా గట్టిగా చెప్పాలి.

ఇదే బొమ్మలో విచక్షణి (బీ² - 4ఏసీ) కూడా దొరుకుతుంది. బీ సరిగ్గా 4 దగ్గర పరావలయం ఎక్స్ అక్షాన్ని తాకుతుంది, అక్కడ రెండు మూలాలూ ఒకటే. ఇప్పుడు సీని 3కి మార్చి, తాకే చోటు బీ ఎంతో కనుక్కోమనండి. స్లైడరు 3.4 దగ్గర ఉంటే అక్షానికి పైనే ఉంటుంది, 3.5 దగ్గర అక్షాన్ని రెండు చోట్ల కోస్తుంది. మధ్యలో ఎక్కడో ఉంది, స్లైడరు మాత్రం 0.1 చొప్పునే కదులుతుంది. పిల్లలు అడుగు చిన్నది చేసి 3.46 దగ్గర పట్టుకోబోతారు, అదీ కచ్చితంగా తాకదు. బీ² 12 కావాలి, 12 వర్గమూలం దశాంశాల్లో ముగిసిపోదు. కరణీయ సంఖ్య అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనపడలేదు.

ఆరో మెట్టు: మన అక్షాంశం మీద సూర్యుడు

పర్లాకిమిడి సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కర్కటరేఖకి దక్షిణాన ఉన్నాం గనుక ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకి నీడ ఉండదు. ఒకటి మే నెల మధ్యలో, రెండోది జూలై చివర్లో. రాయగడ, బరంపురం ఇంకాస్త ఉత్తరాన ఉన్నాయి, అక్కడ మే నెలలో ఒకటి రెండు రోజులు తర్వాత, జూలైలో అంతే ముందుగా వస్తుంది. చిక్కు ఏమిటంటే మే నెలలో బడికి సెలవులు, జూలైలో మబ్బులు. కళ్ళారా చూడ్డానికి వీలు తక్కువైన విషయం కాబట్టి స్టెల్లేరియం పెట్టడంలో అర్థముంది.

ఎఫ్6 నొక్కి మీ ఊరు పెట్టండి, దొరక్కపోతే అక్షాంశం, రేఖాంశం అంకెలు వేయండి. ఎఫ్5తో తేదీ, సమయం. సూర్యుడి మీద క్లిక్ చేస్తే ఎత్తు డిగ్రీల్లో చూపిస్తుంది. సమయం నిమిషం నిమిషం జరుపుతూ ఎత్తు అన్నిటికంటే ఎక్కువయ్యే క్షణం పట్టుకోమనండి. మే మధ్యలో అది పన్నెండు గంటలకి కాదు, సుమారు పది నిమిషాలు ముందే వస్తుంది. ఎందుకో అడగండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, పర్లాకిమిడి దానికి ఒకటిన్నర డిగ్రీ తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. మిగతాది ఏడాదిలో సూర్యుడి నడక వేగంలో వచ్చే తేడా వల్ల.

మీటరు కర్ర నీడ ఎంతో ముందు ఊహించి, తర్వాత ఎత్తు చూసి లెక్కకట్టమనండి. మార్చి 21న మధ్యాహ్నం సుమారు 34 సెంటీమీటర్లు. డిసెంబరు 21న సుమారు 91. జూన్ 21న కేవలం 8, అదీ దక్షిణం వైపు పడుతుంది! మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని బట్టీపట్టిన పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. త్రికోణమితిలో టాంజెంట్ ఎందుకు నేర్చుకున్నామో వాళ్ళకి ఇక్కడ తెలుస్తుంది. డిసెంబరులో మాత్రం ఎండకి కొరత ఉండదు, కర్ర పాతి నిజంగా కొలిపించండి. తెర మీది 91తో రెండు మూడు సెంటీమీటర్ల తేడా వస్తే కర్ర నిటారుగా ఉందో లేదో దారం కట్టి చూసుకోమనండి.

ఏడో మెట్టు: ఏ భాషలో మాట్లాడాలి

ఊహ చెప్పేటప్పుడు పిల్లలు తమకి వచ్చిన భాషలో చెప్పాలి. తెలుగులోనో, ఒడియాలోనో, సవరలోనో. ఈ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి పుస్తకాలు రాశారు. ఆలోచన ఏ భాషలో పుడితే ఆ భాషలో బయటికి రానివ్వాలన్నది ఈ నేల మీద పాత పాఠమే.

కానీ పరీక్ష ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది. అందుకే పాఠం చివర ఆ రోజు వచ్చిన నాలుగైదు మాటలకి బోర్డు మీద మూడు వరుసల పట్టిక వేయండి: తెలుగు, ఒడియా, ఇంగ్లిష్. మన నిరోధం ఒడియా పుస్తకంలో ప్రతిరోధ. ఇలా చాలా మాటలు సంస్కృతం నుంచి వచ్చినవే కాబట్టి పిల్లలు త్వరగా పట్టుకుంటారు. ఒడియా మాటల్ని మీరు ఊహించి రాయకండి, బడి పుస్తకంలో ఉన్న మాటే రాయండి. మాటలు ముందు చెప్పి బొమ్మ తర్వాత చూపించడం కంటే, బొమ్మ చూసి పిల్లలు తమ మాటల్లో చెప్పాక పుస్తకం మాట ఇవ్వడమే మంచిది. అప్పుడా మాటకి ఒక అర్థం సిద్ధంగా ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: నోటుబుక్కు

ప్రతి సిమ్యులేషన్ పాఠానికీ ఒక పేజీ చాలు. పైన ప్రశ్న, కింద ఊహ, దాని కింద తెర మీద కనిపించింది, చివర తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు. ఊహ తప్పయినవాళ్ళకి మార్కులు తగ్గించకండి. తగ్గిస్తే తర్వాతి పాఠం నుంచి ఎవరూ నిజంగా ఊహించరు, పక్కవాడి జవాబు చూసి రాస్తారు. వారం తర్వాత అదే విషయం మీద, సిమ్యులేషన్‌లో చూడని కొత్త బొమ్మతో ఒక ప్రశ్న ఇవ్వండి. ఉదాహరణకి రెండు బల్బులు సమాంతరంగా, ఇంకొకటి వాటితో వరుసలో. ఏది ఎక్కువ వెలుగుతుంది? తెర లేకుండా దీనికి జవాబు రాయగలిగితే పాఠం ఎక్కినట్టే.

తెలుగు లేకపోతే

ఫెట్‌లో అన్నిటికీ తెలుగు ఉండదు, ఉన్నవాటిలోనూ కొన్ని అనువాదాలు మన పుస్తకాల మాటలకి దూరంగా ఉంటాయి. అనువాదాలు చేసేది ఎక్కువగా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళే. మీరూ చేయొచ్చు. సైట్లో ఖాతా తెరిచి, అనువాదకులుగా అనుమతి కోరితే, సిమ్యులేషన్‌లోని ఒక్కో మాటకీ పక్కన గడిలో తెలుగు టైప్ చేసే పేజీ వస్తుంది. ఒక చిన్న సిమ్యులేషన్‌లో ఉండేది కొన్ని పదుల మాటలే, ఒక ఆదివారం పని. పదో తరగతి చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏ మాట వాళ్ళకి తెలుసో అడిగి రాయండి. పంపే ముందు ప్రివ్యూ చూడండి, తెలుగు మాటలు పొడుగై బటన్లలో అక్షరాలు మరీ చిన్నవైపోతాయి. అలాంటి చోట "విద్యుత్ ప్రవాహం" బదులు "కరెంటు" అని రాస్తే బటన్‌లో పడుతుంది, చివరి బెంచీ దాకా కనిపిస్తుంది కూడా.